మూలకి పెట్టిన పసుపు

నూట ఎనభై కండువాల్లో నూట అరవై దాకా విప్పి చూసింది ఝాన్సీ. మిగిలిన ఇరవై విప్పక్కర్లేదని అప్పటికే తెలిసిపోయింది. ప్రతి దానికీ కుడి మూలన, కుచ్చులకి బెత్తెడు పైన, బొటనవేలంత పసుపు.

తడి పసుపు కాదు. రాత్రంతా ఆరి పట్టులోకి ఇంకిపోయింది. గోరుతో గీకితే గోరుకి అంటింది గానీ బట్టని వదల్లేదు. రంగు వెయ్యని దసలి పట్టు, గోధుమ గింజ ఛాయ. దాని మీద ఆ పసుపు ఆమడ దూరం నుంచి చూసినా కనిపిస్తుంది.

నిన్న పొద్దున్న ఎగుమతి కాగితాల మీద సంతకాలకని విశాఖపట్నం వెళ్ళేముందు ఆరు పెట్టెలకీ టేపు అంటించింది తనే. ఇవాళ పేర్ల చీటీలు అంటిద్దామని వస్తే టేపు కొత్తగా, వంకరగా ఉంది.

"గది తాళంచెవి నీ దగ్గరే కదా ఉంది, బావా," అంది, తలెత్తకుండా.

భర్త యుగంధర్ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "అమ్మ అడిగింది," అన్నాడు.

"అడిగితే ఇచ్చేశావు."

"మూడు నెలల్నుంచి ఈ మెట్లెక్కని మనిషి. నిన్న తనంతట తనే వచ్చి, కోడలి సరుకు గడప దాటతాది కదా, ఓసారి సూస్తాను అంది. వద్దని ఎలా అనమంటావు?"

"చూస్తానంది. పసుపు పెడతానందా?"

అతను మెడ వెనక గోక్కున్నాడు. జవాబు లేనప్పుడు అతని అలవాటది.

"మొదటిదానికి పెట్టినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు."

"ఉన్నాను. ఒక్కోటీ విప్పి అందించింది నేనే," అన్నాడు.

ఝాన్సీకి కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఈ కండువాలు కొంటున్న డెన్మార్క్ వాళ్ళు పంపిన షరతుల కాగితం ఈ గదిలోనే కూర్చుని, ఒక్కో వాక్యం తెలుగులో చెప్తూ, అతనికే చదివి వినిపించింది. తాము ఒప్పుకున్న నమూనాకి సరుకు అచ్చంగా ఉండాలి. మరక ఉండకూడదు. తేడా ఒక్కదాంట్లో కనిపించినా మొత్తం సరుకు వెనక్కి.

"గుర్తు రాలేదా?"

"వచ్చింది," అన్నాడు. "అమ్మ మొహం చూశాక నోరు రాలేదు."

అదీ సంగతి. పాతపట్నం బజారులో మావయ్య భీమశంకరరావు గారి బట్టల దుకాణం పైన ఉన్న ఆ ఇంట్లో ఎవరికీ, ఎప్పుడూ, సమయానికి నోరు రాదు. రానప్పుడు మౌనం, వచ్చినప్పుడు యుద్ధం.

మెట్ల మీద గాజుల చప్పుడైంది. కుసుమకుమారి కాఫీ గ్లాసు పట్టుకుని పైకొచ్చింది. ఝాన్సీకి అత్తగారే కాదు, సొంత మేనత్త కూడా. ఇవాళ ఆవిడ మొహం కళకళలాడుతోంది. మూడు నెలల తర్వాత కోడలికి స్వయంగా కాఫీ తెచ్చింది.

"సూసేవేటే?" అంది. "నూట ఎనభైకీ నానే పెట్టినాను. ఒక్కటి వదల్లేదు. సెయ్యి లాగీసింది అనుకో."

ఝాన్సీ కాఫీ అందుకోలేదు.

"ఎవరు పెట్టమన్నారు, అత్తా?"

"ఎవలు సెప్పాలేటి? కొత్త బట్ట పసుపు పడకుండా గడప దాటతాదా?"

ఆ ఇంటి పద్ధతి అది. దుకాణంలో అమ్మే చీరకి కొనుక్కున్నవాళ్ళు పెట్టుకుంటారు. ఇంట్లోంచి వెళ్ళే బట్టకి మాత్రం, పెళ్ళికిచ్చినా బారసాలకిచ్చినా, కుసుమకుమారి బొటనవేలు పడాల్సిందే. ఝాన్సీ పుట్టిన పదకొండో రోజున వేసిన గౌనుకీ ఆ వేలి గుర్తే ఉంది.

"ఇది పేరంటానికి పంపే బట్ట కాదు. వాళ్ళకిది మరక. రేపు పదింటికి సరుకు చూసే ఆయన వస్తారు. ఒక్కటి చూసి మొత్తం తిప్పేస్తారు."

కుసుమకుమారి మొహం చిన్నబోయింది. అయినా పట్టు వదల్లేదు. "పసుపు మరకేటే? మొదట పంపిన మూడింటికీ నాను..."

"ఇంకేటీ చెప్పకు."

"నా మాట ఇను..."

"వద్దత్తా." ఝాన్సీ చెయ్యి అడ్డం పెట్టింది. "మూడు నెలలు మాట్లాడలేదు. ఇది మగవాళ్ళ యాపారం, నీకెందుకన్నావు. ఇప్పుడొచ్చి నా నోట్లో మట్టి కొట్టావు. ఇంకెప్పుడూ నీ చెయ్యి నా సరుకు మీద పడకూడదు. ఈ మెట్లెక్కకు."

అన్న మాట ఎంత పెద్దదో అన్నాక తెలిసింది ఝాన్సీకి. వెనక్కి తీసుకోవాలనిపించలేదు. అంత మంటగా ఉంది.

కుసుమకుమారి కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. చెంగుతో బొటనవేలు తుడుచుకుంది, రెండుసార్లు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"అంత మాట అనాల్సింది కాదు," అన్నాడు యుగంధర్.

"నిన్న నువ్వు చిన్నమాట అని ఉంటే ఇవాళ నేను పెద్దమాట అనక్కర్లేకపోయేది. తాళంచెవి ఇటియ్యి."

ఇచ్చాడు. ఆమె దాన్ని నడుం దగ్గర దోపుకుంది.

పావుగంటకి భీమశంకరరావు పైకొచ్చారు. ఆయనకి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇవాళ వినడానికి చెవి ఒగ్గాల్సొచ్చింది.

"రేపొచ్చే పెద్దమనిషికి ఏటి సెప్తావమ్మా?"

"ఇంకా తెలీదు, మావయ్యా."

"మనం అనుకున్న మాట గుర్తున్నాది కదా. ఈ సరుకు ఎల్తే మేడ గది నీది, ఆ పని నీది. నాను అడ్డు రాను. ఎల్లకపోతే సోమారం నుంచి నా సీరల మూటలు ఇక్కడికొస్తాయి. మళ్ళా ఎగుమతి అనే మాట ఈ ఇంట్లో ఇనిపించకూడదు."

"గుర్తుంది."

"మీ అత్తని ఏటన్నావు?"

ఝాన్సీ విప్పిన కండువా మడవసాగింది. ఆయన కొడుకు వంక చూశారు. కొడుకు గోడ వంక చూశాడు. ఆయన ఒక కండువా తీసి, పసుపు మూల వేళ్ళ మధ్య నలిపి, మడతపెట్టి యథాస్థానంలో ఉంచి దిగిపోయారు.

ఆయన గది సంగతే అన్నారు. ఝాన్సీకి ఊరవతల నేతపేటలో పది మగ్గాలు కళ్ళ ముందు తిరిగాయి. రెండేళ్ళు ముసుగు కప్పి ఉన్న మగ్గాలు. ఈ సరుకు వెళ్తే ఇంకో సరుకు వస్తుందని వాళ్ళకి మాటిచ్చి ఆడించింది. ఆ మాట ఇచ్చింది మావయ్య కాదు, తను.

ఏదో ఒకటి చెయ్యాలనే ఆత్రంలో యుగంధర్ ఒక కండువా పట్టుకెళ్ళి కుళాయి దగ్గర మూలకి సబ్బు రాశాడు. పసుపుకి సబ్బు తగిలితే పారాణి ఎరుపు తిరుగుతుందని ఆ ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. అతనికి తెలియదు. ఎర్రబడ్డ మూలని చేతిలో పట్టుకుని నేరస్థుడిలా తిరిగొచ్చాడు.

"నిమ్మకాయ పిండండి బాబూ, మళ్ళా పసుపైపోతాది," అంది వెనక నుంచి జగ్గమ్మ.

ఆ పది మగ్గాల పనీ చూసుకునేది జగ్గమ్మే. సరుకు కట్టిన పెట్టెలు చూసుకుందామని పేట నుంచి వచ్చింది. చూసింది. నోటి మీద చెయ్యి వేసుకుని చతికిలబడింది.

"పసుపు పోవాలి, జగ్గమ్మా. రేపు పొద్దుటికి," అంది ఝాన్సీ.

జగ్గమ్మ ఒక మూలని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "పసుపుకి ఎండంటే పడదు పాపా. మూల మట్టుకు తడిపి ఎండలో ఎయ్యి, ఎగిరిపోతాది. మిగతా బట్ట మీద పాత పంచె కప్పు, లేపోతే పట్టు రంగు మారతాది." కిటికీలోంచి ఆకాశం వంక చూసింది. "ఎండ ఉండాలి మరి."

అదే వచ్చిన చిక్కు. భావనపాడు వైపు సముద్రంలో అల్పపీడనమని రెండు రోజులుగా చెప్తున్నారు. తూర్పున మబ్బు అప్పటికే కమ్ముతోంది.

తొమ్మిదింటికల్లా డాబా మీద తాళ్ళు కట్టారు. నూట ఎనభై కండువాలు, నూట ఎనభై తడి మూలలు. దుకాణంలోంచి పాత పంచెలన్నీ తెచ్చి కప్పారు. యుగంధర్ ఎవరూ చెప్పకుండానే నీళ్ళ చెంబు పట్టుకుని వరసలమ్మట తిరిగాడు. ఆరిన మూల మళ్ళీ తడపాలి, తడిపింది మళ్ళీ ఎండాలి.

ఎండ కాసేపు వచ్చేది, కాసేపు పోయేది. వచ్చినప్పుడు ఝాన్సీకి ఊపిరి ఆడేది.

"ఎవలు పెట్టినారు?" అని అడిగింది జగ్గమ్మ, చాలాసేపటికి.

"అత్త."

జగ్గమ్మ రెండు కండువాలు సర్దింది. మూడోదాని దగ్గర ఆగింది.

"మగ్గం మీంచి మొదటి బట్ట కోసినప్పుడు మేమూ పెడతాం పాపా. ఈసారి నువ్వొద్దన్నావని మానీసినాం. పదిళ్ళకీ తిరిగి సెప్పినావు కదా." ఝాన్సీ వంక తిరిగింది. "కుసుమమ్మగారికి సెప్పలేదేటి?"

ఝాన్సీ చెయ్యి తాడు మీదే ఆగిపోయింది.

చెప్పలేదు. పేటలో పదిళ్ళకి నడిచి వెళ్ళి చెప్పింది. కింద గదిలో ఉన్న మేనత్తకి చెప్పలేదు. మాట్లాడని మనిషికి ఏం చెప్తాననుకుంది. ఆ మూడు నెలల్లో తను మాత్రం ఎన్నిసార్లు నోరు విప్పి పలకరించిందో లెక్కేసుకుంటే ఒక్కటీ దొరకలేదు.

ఒంటిగంటకి యుగంధర్ అన్నం పళ్ళెం తెచ్చాడు. "అమ్మ తలుపేసుకుంది. తినలేదు."

"నేనూ తినలేదుగా," అంది ఝాన్సీ. అన్నాక సిగ్గేసింది. పళ్ళెం మీద మూత పెట్టి పక్కకి జరిపింది.

మూడింటికి జగ్గమ్మ మొదటి వరస తీసి చూసింది. పసుపు వెళ్ళిపోయింది. ఎక్కడ పెట్టారో వెతికినా తెలియనంతగా వెళ్ళిపోయింది. సబ్బు కండువా కూడా నిమ్మరసంతో పసుపు తిరిగి, ఎండకి తేరుకుంది. మూడున్నరకి మబ్బు పూర్తిగా కమ్మేసేసరికి ఆఖరి వరస మడతల్లో ఉంది.

ఝాన్సీ డాబా మీదే కూలబడి చాలా రోజుల తర్వాత నవ్వింది. యుగంధర్ కూడా నవ్వాడు, కాస్త భయంగా.

అప్పుడే కింద కారు ఆగింది.

సరుకు చూసే ఆయన పేరు తిరుమలరావు. డెన్మార్క్ వాళ్ళ తరఫున విశాఖపట్నం నుంచి ఆయనొచ్చి చూసి, సంతకం పెడితేనే పెట్టెలు కదులుతాయి. చేతిలో చిన్న సంచి, మొహాన ఏ భావమూ లేదు.

"రేపు తుపాను గాలి ఉంటుందంటున్నారమ్మా. అందుకని ఇవాళే వచ్చేశాను. ఇబ్బంది లేదు కదా?"

"లేదండీ," అంది ఝాన్సీ. గర్వంగానే అంది.

కొలతలు చూశారు. కుచ్చుల ముడులు లెక్కపెట్టారు. నేత మీద భూతద్దం పెట్టారు. ఒక్కో కండువా పక్కన పెడుతుంటే గుమ్మంలో నిలబడ్డ భీమశంకరరావు మీసం కింద ఏదో సడలడం ఝాన్సీ గమనించింది.

"పని బాగుంది. నమూనా కవరు తీసుకురండి," అన్నారు తిరుమలరావు.

బీరువాలోంచి తెచ్చింది. ఆర్డరుకి ముందు తను నమూనాగా మూడు కండువాలు పంపింది. అందులో ఒకటి కొన్నవాళ్ళు ఒప్పుకుని, సంతకం చేసి, లక్క సీలు వేసి తిప్పి పంపారు. సరుకు చూసే రోజున, చూసే మనిషే దాన్ని విప్పాలి. ఈలోగా సీలు తీస్తే చెల్లదు. ఏడు వారాలుగా బీరువాలో దేవుడి పటంలా ఉంది.

తిరుమలరావు సీలు విరిచి, కండువా తీసి, బల్ల మీద పరిచారు. సరుకులోంచి ఒకటి తీసి పక్కన పరిచారు.

నమూనా కుడి మూలన, కుచ్చులకి బెత్తెడు పైన, బొటనవేలంత పసుపు.

మొదట పంపిన మూడింటికీ నాను... పొద్దున్న అత్త మాట తను ఎక్కడ తెంచిందో అక్కడి దాకా ఝాన్సీకి మళ్ళీ వినిపించింది.

"ఇందులో ఉంది, అందులో లేదు," అన్నారు తిరుమలరావు. చేతిలో ఫారం తిరగేశారు. "నాలుగో వరస చూడండి. కుడి మూలన చేత్తో పెట్టిన పసుపు గుర్తు, ఒకటి."

"మాకు పంపిన కాగితంలో అది లేదండీ."

"ఈ ఫారం మాకొక్కరికే వస్తుందమ్మా. మీకు నమూనాకి అచ్చంగా అని రాస్తారు. నమూనా మీరు చేసిందే కదా, అందులో ఏముందో మీకు తెలుసనుకుంటారు."

తెలుసు, ఆ ఇంట్లో ఒక మనిషికి తెలుసు. జగ్గమ్మ గోడకి ఆనుకుంది. యుగంధర్ మెడ వెనక గోక్కోవడం కూడా మర్చిపోయాడు.

"ఇప్పుడు పెడితే?" అంది ఝాన్సీ.

"నమూనాలా ఉంటే నాకు అభ్యంతరం లేదు. గాలి ముదరకుండా నేను ఊరు దాటాలి. ఆరింటిదాకా కూర్చుంటాను."

నాలుగూ ముప్పావు.

ఝాన్సీ వంటింట్లోకి పరుగెత్తింది. డబ్బాలోంచి పసుపు గిన్నెలో కలిపి తెచ్చి, అదనంగా నేయించిన ఒక కండువా మూలకి బొటనవేలు అద్దింది. గుర్తు చుట్టూ నీరు పాకి, పసుపు అంచులు చెదిరి, అరచేతి వెడల్పున పరుచుకుంది. నమూనా మీది గుర్తు మాత్రం బొటనవేలంతే, అంచు చెదరకుండా నిలబడి ఉంది.

తిరుమలరావు తల అడ్డంగా ఊపారు.

"పొడి పనికి రాదు," అన్నారు భీమశంకరరావు, గుమ్మంలోంచి. అందరూ ఆయన వంక చూశారు. "మీ అత్త కొమ్ము అరగదీస్తాది, సాన మీద. ఎంత గట్టిగా ఉండాలో దానికే తెలుసు. నలభై ఏళ్ళైంది. నానెప్పుడూ అడగలేదు," అన్నారు.

ఝాన్సీ మెట్లు దిగింది. పదహారు మెట్లు. పొద్దున్న ఆవిడ దిగిన మెట్లే.

తలుపు దగ్గరగా వేసి ఉంది.

"అత్తా."

"గడియ లేదు."

కుసుమకుమారి మంచం మీద కూర్చోలేదు. కింద, గోడకి ఆనుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. కుడి బొటనవేలు గోరు చుట్టూ ఎర్రగా ఉంది. సబ్బుతో తోముకున్నట్టుంది, చాలాసేపు.

ఆ ఎరుపు చూశాక ఝాన్సీకి ఏడుపు ఆగలేదు. ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మొదట పంపినవాటికి నువ్వే పెట్టావా?"

"యుగంధర్ పార్సిలు కట్టి కింద బల్ల మీద ఎట్టాడు. నాను ఇప్పి పసుపు పెట్టి మళ్ళా కట్టినాను. మా అన్న కూతురు మొదటి బట్ట పరాయి దేశం ఎల్తంటే ఉత్త సేత్తో ఎలా పంపుతాను?" ఆవిడ గొంతులో కోపం లేదు. "పొద్దున సెప్పబోయినాను."

"నేను వినలేదు."

"ఇనలేదు."

"అవి నచ్చే ఆర్డరిచ్చారు, అత్తా. అచ్చం అలాగే కావాలిట. ఎండకేసి మొత్తం తీసేశాను. ఆరు లోపల నూట ఎనభైకీ మళ్ళీ పెట్టాలి."

కుసుమకుమారి నవ్వబోయి ఆగింది. ఒళ్ళో చేతులు కదల్లేదు.

"నా సెయ్యి నీ సరుకు మీద పడకూడదన్నావు."

"అన్నాను."

"మెట్లెక్కొద్దన్నావు."

"అన్నాను. తప్పు, అత్తా."

"మెట్లెక్కను," అంది కుసుమకుమారి. "సరుకు కిందికి దించుకో, పెడతాను. ఆ పదిళ్ళోళ్ళూ నీ మాట మీద కూకున్నారు, ఆళ్ళ నోరు కొట్టను."

ఝాన్సీ లేవబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్కటి సెప్పి ఎల్లు. ఇయాల అవసరమొచ్చి వచ్చినావు. రేపొచ్చే సరుక్కి పిలుస్తావా, మళ్ళా తాళమేసుకుంటావా?"

ఝాన్సీ నడుం దగ్గరున్న తాళంచెవి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. కుసుమకుమారి దాన్ని తీసి పక్కన నేల మీద పెట్టేసింది.

"ఇనప ముక్క నాకెందుకే. ఆ గది మీ మావయ్యది, ఇయాల ఉంటాది, రేపు పోతాది. నానడిగింది అది కాదు. ఆయనా ఇనేలా, పైకి సెప్పు."

ఝాన్సీ తల తిప్పి చూసింది. తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో ఎప్పుడొచ్చారో, దించుకోమన్న మాట విని కాబోలు, భీమశంకరరావు ఒక పెట్టె భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన వెనక మెట్ల మీద యుగంధర్, ఇంకో పెట్టెతో.

ఆ ఇంట్లో ఎవరికీ సమయానికి నోరు రాదు.

గోడ గడియారం అయిదు కొట్టింది. బయట మొదటి చినుకులు రేకు మీద పడ్డాయి.

"అత్తా," అంది ఝాన్సీ, గొంతు సవరించుకుని, గుమ్మం దాకా వినబడేలా. "నువ్వు పెట్టకపోతే ఇక నా సరుకు గడప దాటదు. ఒక్కటి కూడా."

భీమశంకరరావు పెట్టె కిందికి దించలేదు. భార్య వంక చూస్తూ అలాగే నిలబడ్డారు. కుసుమకుమారి ఆయన వంకా, కోడలి వంకా చూసి, గోడ వారనున్న సానని ఝాన్సీ ముందుకి తోసింది.

"కొమ్ము ఆ గూట్లో ఉన్నాది," అంది. "నాను కాదు, నువ్వరగదియ్యి. ఎంత గట్టిగా ఉండాలో సూపిస్తాను."